పాట విన్నదెవరు?

ఆరోజు నేను వినాలని వెళ్ళిన పాట ఒక్కటే. దాన్నే వినలేకపోయాను. ఆ పాట నడుస్తున్నంతసేపూ నేను పార్కు గేటు బయట నీళ్ళ సీసాలమ్మే బండి ముందు వరసలో నిలబడి ఉన్నాను. నా సహచరుడు మాత్రం చెట్టు నీడలో, నుదుటి మీద తడి తువ్వాలు వేసుకుని పడుకుని, ఆ పాట మొదటినుంచి చివరిదాకా విన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో అది ఎంత బాగుందో నాకు వర్ణించి చెప్పాడు.

అతని మీద ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు. అతను మంచివాడు. నన్ను వెళ్ళమని కూడా అనలేదు. "నాకేం కాదు, నువ్వు కూర్చో, నీకిష్టమైన పాట వస్తోంది కదా" అన్నాడు. లేచి వెళ్ళింది నేనే. ఎందుకు లేచాను అన్న ప్రశ్న రైలు దిగినా, ఇల్లు చేరినా నన్ను వదల్లేదు. ఆ ప్రశ్నతోనే, అంతకు ముందొకసారి చూసి మెచ్చుకున్న ఒక సినిమాని మళ్ళీ చూశాను. రెండోసారి అది వేరే సినిమాలా కనిపించింది. ఈ వ్యాసం ఆ సినిమా గురించి, ఆ ఎండరోజు గురించి, పాట వినడం అనే పని గురించి.

సినిమా పేరు 'సమ్మర్ ఆఫ్ సోల్'. 2021లో వచ్చిన డాక్యుమెంటరీ. 1969 వేసవిలో న్యూయార్క్ నగరంలోని హార్లెంలో, మౌంట్ మోరిస్ పార్కులో, జూన్ 29కీ ఆగస్టు 24కీ మధ్య ఆరు ఆదివారాలు ఉచితంగా సంగీత కచేరీలు జరిగాయి. ఆ ఉత్సవాన్ని హార్లెం కల్చరల్ ఫెస్టివల్ అన్నారు. టోనీ లారెన్స్ అనే గాయకుడు నిర్వహించాడు. హాల్ టుల్చిన్ అనే టెలివిజన్ దర్శకుడు దాదాపు నలభై గంటల పాటు చిత్రీకరించాడు. మొత్తం మీద మూడు లక్షలమంది దాకా వచ్చారని అంచనా. అదే ఆగస్టులో, ఆ నగరానికి సుమారు వంద మైళ్ళ దూరంలో జరిగిన వుడ్‌స్టాక్ ఉత్సవం ఒక తరానికే గుర్తుగా చరిత్రకెక్కింది. హార్లెం రీళ్ళు దాదాపు యాభై ఏళ్ళు నేలమాళిగలో ఉండిపోయాయి. టుల్చిన్ 2017లో చనిపోయాడు. క్వెస్ట్‌లవ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన డ్రమ్మర్ అహ్మీర్ థాంప్సన్ ఆ రీళ్ళతో ఈ సినిమా తీశాడు. 2022లో ఉత్తమ డాక్యుమెంటరీగా దీనికి ఆస్కార్ వచ్చింది.

ఒక జాతి పాటని చరిత్ర ఎలా మరిచిపోతుందో ఈ సినిమా చెబుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కూడా దాన్ని అలాగే చదివాను. అందులో ఒక వివరం మాత్రం మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. విద్యుద్దీపాలు పెట్టడానికి డబ్బు లేదు కాబట్టి వేదికని పడమటి ముఖంగా కట్టారు. పొద్దు వాలేదాకా సూర్యుడే దీపం. అంటే గాయకుల ముఖాల మీద ఎండ, కింద కూర్చున్న జనం వీపుల మీద ఎండ. సినిమాలో ఆ చెమట కనిపిస్తుంది. దాన్ని మనం రంగులుగా, వెలుగుగా, అందంగా చూస్తాం. ఆ ఎండలో కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తరువాత తెలిసింది.

ఆ పార్కుకి 1973లో మార్కస్ గార్వీ పేరు పెట్టారు. ఏటా ఆగస్టు నెలాఖరులో అక్కడ చార్లీ పార్కర్ జాజ్ ఉత్సవం జరుగుతుంది. ఆరుబయట, ఉచితం. సినిమా చూసిన తరువాత ఆ నేల మీద కూర్చుని ఒక్క పాటైనా వినాలనిపించింది నాకు. మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. హైదరాబాదులో పిహెచ్.డి. పూర్తి చేసి, పెళ్ళై, అతని ఉద్యోగం వెంట వచ్చి, పని చేయడానికి అనుమతి లేని వీసా మీద ఇంట్లో కూర్చున్న ఎందరో తెలుగు ఆడపిల్లల్లో నేనొకదాన్ని. ఊళ్ళో ఎక్కడికి వెళ్ళాలన్నా అతనే కారులో దింపాలి. అందుకని "నాకు ఫలానా చోటికి వెళ్ళాలని ఉంది" అని నోరు తెరిచి అడగడమే ఒక పెద్ద పని. అడిగాను. అతను వెంటనే ఒప్పుకున్నాడు. "నీకోసం వస్తాను" అన్నాడు.

ఆ 'నీకోసం' అన్న మాట బరువు అప్పుడు తెలియలేదు. అతను నాకోసం వస్తున్నాడు కనుక, అతనికి అక్కడ ఏ ఇబ్బందీ కలగకుండా చూడడం నా పని అయిపోయింది. తెల్లవారి లేచి పులిహోర కలిపాను. మజ్జిగ ఒక సీసా, నీళ్ళు నాలుగు సీసాలు, టోపీలు, తువ్వాళ్ళు, చాప, తలనొప్పి మాత్రలు. సంచి అతనే మోశాడు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ సంచిలో ఏం ఉండాలో ఆలోచించిన తల మాత్రం నాదే. రైల్లో పెన్ స్టేషన్‌కి వచ్చి, అక్కడ రెండో నంబరు సబ్‌వే పట్టుకుని 125వ వీధిలో దిగాం. ఆరోజు ముప్పై మూడు డిగ్రీలు. తెనాలిలో నలభై మూడు చూసినదాన్ని, ఇదొక ఎండా అనుకున్నాను. కానీ ఉక్క మన కోస్తా ఉక్కలాంటిదే. గాలి ఆడదు, చెమట ఆరదు.

వేదికకి నీడ ఉంది. మాకు చోటు దొరికిన వరసకి లేదు. పక్కన డెబ్బై ఏళ్ళు దాటిన ఒక నల్లజాతి స్త్రీ ఒంటరిగా కూర్చుని ఉంది. గొడుగు, అట్ట విసనకర్ర, చిన్న మంచుపెట్టె. సాక్సఫోన్ మొదలవగానే కళ్ళు మూసుకుంది. రెండు గంటల్లో ఆమె పక్కకి తిరిగి చూడడం నేను చూడలేదు. నేను మాత్రం పది నిమిషాలకోసారి పక్కకి చూస్తూనే ఉన్నాను. అతనికి నచ్చుతోందా? విసుగ్గా ఉందా? ఎండ తగులుతోందా? సంగీతం ఎలా ఉందన్నది నేను అతని ముఖంలో చదువుకుంటున్నాను. మూడో గంటలో అతనికి తల తిరిగినట్టయింది. చెట్టు కిందికి తీసుకెళ్ళాను. తెచ్చిన నీళ్ళు అప్పటికే అయిపోయాయి. ఒక గాయని వేదిక మీదికి వచ్చింది. నేను ఎవరి పాట కోసం వచ్చానో ఆమే. నేను గేటు వైపు నడిచాను.

తిరిగి వచ్చేసరికి ఆమె చేతులు జోడించి సెలవు తీసుకుంటోంది. పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్ళు తెరిచి, నా చేతిలోని సీసాలు చూసి నవ్వింది. మీరు ఒక్కరే వచ్చారా అని అడిగాను. ఇంటిల్లిపాదికీ చూసుకోవడం నలభై ఏళ్ళు చేశాననీ, ఈ రెండు సాయంత్రాలు మాత్రం ఎవరినీ వెంట తెచ్చుకోననీ చెప్పింది. అందులో కోపం లేదు, గర్వం లేదు. నియమం చెప్పినట్టు చెప్పింది.

మన అలంకారశాస్త్రం చదువుకున్నవాళ్ళకి 'సహృదయుడు' అన్న మాట కొత్త కాదు. కావ్యాలతో సాధన చేసిచేసి మనసనే అద్దం నిర్మలమైనవాడు సహృదయుడు. వ్యాకరణం ప్రకారం పుంలింగమే, అయినా అది స్త్రీలకీ వర్తిస్తుందని మా తరగతి గదుల్లో సర్దిచెప్పేవాళ్ళు. రసాస్వాదనకి అడ్డువచ్చే విఘ్నాలని అభినవగుప్తుడు ఏడింటిని లెక్కపెట్టాడు. వాటిలో ఒకటి 'నిజసుఖాది వివశీభావం'. తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఎదుట ఉన్న కళలో మనసు నిలపలేకపోవడం. చెట్టు కింద కూర్చుని నేను దీని గురించే ఆలోచించాను. నన్ను పాటకి దూరం చేసింది నా సుఖమూ కాదు, నా దుఃఖమూ కాదు. నాకు తలనొప్పి లేదు. నాకు దాహం లేదు. ఆ తలనొప్పీ దాహమూ రెండూ వేరొకరివి. ఆ ఏడింటి జాబితాలో ఇతరుల సుఖదుఃఖాలకి వశమై ఉండడం అన్న విఘ్నం లేదు. ఆ జాబితా రాసినవారి జీవితంలో అలాంటి విఘ్నం వచ్చే అవసరం లేకపోయి ఉండాలి. వాళ్ళ దాహం సంగతి చూసేవాళ్ళు ఇంకెవరో ఉన్నారు.

అంతకంటే ఆసక్తికరమైనది ఆ విఘ్నానికి అతను చెప్పిన విరుగుడు. ప్రేక్షకుడు తన గొడవలు మరిచిపోవడానికి గానం, వాద్యం, చిత్రవిచిత్రమైన మండపం, నేర్పరులైన గణికలు మొదలైనవి ఉండాలంటాడు. చూడండి, స్త్రీ ఈ సిద్ధాంతంలోకి రానే వచ్చింది. కానీ వినేదానిగా రాలేదు, వినేవాడి మనసు చెదరకుండా చూసే ఉపకరణంగా వచ్చింది. మండపం, మద్దెల, గణిక, అన్నీ ఒక్క వరసలో. వేదిక మీద గణిక చేసే పనీ, వేదిక కింద నీళ్ళ సీసాతో భార్య చేసే పనీ నాకు ఒకే సూత్రానికి రెండు కొసల్లా కనిపించాయి. ఇద్దరూ కలిసి అతనికి నిర్విఘ్నమైన ఒక సాయంత్రాన్ని తయారుచేసి ఇస్తారు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరికీ ఎలా గడిచిందని శాస్త్రం అడగదు.

వేదిక మీది స్త్రీ చరిత్రని మనం కొంతవరకైనా రాసుకున్నాం. ముద్దుపళని 'రాధికాసాంత్వనం' కావ్యాన్ని 1910లో పూర్తి పాఠంతో అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ, తిరువయ్యూరులో త్యాగరాజు సమాధికి తన సొమ్ముతో గుడి కట్టించింది. అదే చోట ఆరాధనలో స్త్రీలకి పాడే హక్కు లేదంటే స్త్రీలతో వేరే బృందం కట్టి పాడించింది. పాడే హక్కు కోసం జరిగిన ఈ పోరాటం మన స్త్రీవాద చరిత్రలో ఇప్పుడు అందరికీ తెలిసిన అధ్యాయం. వినే హక్కు గురించి అలాంటి అధ్యాయం లేదు. కారణం, వినకూడదని స్త్రీలని ఎవరూ నిషేధించలేదు. పందిట్లో ఆడవాళ్ళ వైపు చాపలు ఎప్పుడూ పరిచే ఉంటాయి. నిషేధం లేనిచోట వంచన ఎలా జరుగుతుందో చూపించడం మరీ కష్టం.

ఈ ప్రశ్నతో రెండోసారి సినిమా చూశాను.

చిన్నపిల్లవాడిగా ఆ ఉత్సవానికి వెళ్ళిన ఒకాయన సినిమాలో తన జ్ఞాపకాలు చెబుతాడు. ఆ పార్కంతా జుట్టుకి రాసుకునే ఆఫ్రో షీన్ వాసన, కోడిమాంసం వాసన అంటాడు. మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి, ఆ కోడిని ఎవరు వండారు అనుకున్నాను. జూలై ఎండలో, హార్లెం అపార్ట్‌మెంట్లలో, ఆదివారం పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడింది ఎవరు? సినిమా చాలా ప్రశ్నలు అడుగుతుంది. డబ్బు ఎవరిచ్చారు అని అడిగి మాక్స్‌వెల్ హౌస్ కాఫీ కంపెనీ పేరు చెబుతుంది. కాపలా ఎవరు కాశారని అడిగి బ్లాక్ పాంథర్లని చూపిస్తుంది. జూలై 20 ఆదివారం మనిషి చంద్రుడి మీద దిగుతుంటే ఆ డబ్బు హార్లెంలో ఆకలి తీర్చడానికి పనికొచ్చేది కదా అన్నవాళ్ళ గొంతులు వినిపిస్తుంది. రీళ్ళని ఎవరూ ఎందుకు కొనలేదని నిలదీస్తుంది. మూడు లక్షలమంది అక్కడ గంటలకొద్దీ కూర్చోవడాన్ని సాధ్యం చేసిన ఇంటిచాకిరీ గురించి మాత్రం అడగదు. అది వాసనగా మిగిలింది, అంతే.

అయితే ఈ సినిమా చేసిన గొప్ప పని ఒకటుంది. టుల్చిన్ కెమెరాలు వేదిక మీంచి జనం వైపు పదేపదే తిరిగాయి. థాంప్సన్ ఆ ముఖాలని కత్తిరించకుండా ఉంచాడు. అందులో స్త్రీలు ఎంతమందో. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు, లేచి ఆడుతున్నవాళ్ళు, ఎండకి కళ్ళు చికిలించి చూస్తున్నవాళ్ళు. సంగీత కచేరీల సినిమాల్లో వినేవాళ్ళు సాధారణంగా చప్పట్ల కోసమే ఉంటారు. ఇక్కడ వినడం అనేది ముఖాల్లో కనిపిస్తుంది. ఆ ముఖాలకి పేర్లు లేకపోవడం నా బాధ.

పేరున్న ఒక శ్రోత ఉంది. షార్లైన్ హంటర్ గాల్ట్. 1961లో జార్జియా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన మొదటి ఇద్దరు నల్లజాతి విద్యార్థుల్లో ఒకరు. తరువాత న్యూయార్క్ టైమ్స్ విలేకరి. హాస్టల్లో తన గది పైనున్న తెల్ల అమ్మాయిలు నేలని దబదబా బాదుతుంటే తను నీనా సిమోన్ రికార్డులు పెట్టుకుని వినేదాన్నని ఆమె సినిమాలో చెబుతుంది. నా దృష్టిలో సినిమా మొత్తానికి ఇదే గుండెకాయ. ఇక్కడ వినడం విశ్రాంతి కాదు, వినోదం కాదు. పైనుంచి వస్తున్న ఆ చప్పుడుకీ తన చెవికీ మధ్య ఒక స్త్రీ గొంతుతో గోడ కట్టుకోవడం. గది తలుపు వేసుకుని ఒక్కతే వినగలిగింది కనుకనే ఆమె అక్కడ నిలవగలిగింది.

ఇక వేదిక మీది జంటలు. అబ్బే లింకన్, మాక్స్ రోచ్ కలిసి కనిపిస్తారు. అప్పటికి భార్యాభర్తలు. 1962లో పెళ్ళి చేసుకున్నారు, 1970లో విడిపోయారు. సినిమా వాళ్ళని ఆఫ్రికాతో అనుబంధం చెప్పే భాగంలో, ఒక ఆదర్శ విప్లవ దంపతుల్లా చూపిస్తుంది. కానీ అబ్బే లింకన్ 1966లోనే 'నీగ్రో డైజెస్ట్' పత్రికలో నల్లజాతి స్త్రీని గౌరవించేదెవరు అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి వ్యాసం రాసింది. బయటి సమాజాన్నే కాదు, ఇంటి మగవాళ్ళనీ ఆ వ్యాసంలో నిలదీసింది. 1970లో టోనీ కేడ్ సంకలనం చేసిన 'ది బ్లాక్ వుమన్'లో అది మళ్ళీ అచ్చయింది. ఆ వ్యాసం ప్రస్తావన సినిమాలో నాకు వినపడలేదు. ఆమె పాడింది వినడానికి సిద్ధంగా ఉన్న కాలం ఆమె రాసింది వినడానికి ఇంకా సిద్ధంగా లేదనిపిస్తుంది.

నీనా సిమోన్ ఆగస్టు 17న పాడింది. ఆమె పియానో ముందు కూర్చున్న తీరులో ఒక మహారాణి దర్పం ఉంటుంది. ఆమె భర్త ఆండ్రూ స్ట్రౌడ్ ఆమెకి మేనేజరు కూడా. అతను కొట్టేవాడనీ, అలసిపోయినా వరసగా కచేరీలు చేయించేవాడనీ 2015లో లిజ్ గార్బస్ తీసిన డాక్యుమెంటరీలో ఆమె డైరీలూ, కూతురి మాటలూ చెబుతాయి. హార్లెం కచేరీ అయిన మరుసటి ఏడాదే ఆమె ఆ కాపురం వదిలి వెళ్ళింది. మూడు సినిమాలుగా చూడవలసిన జీవితాన్ని ఒక్క పాటగా విన్నామనిపించింది నాకు. లక్షలమందికి తన గొంతుతో ధైర్యం ఇచ్చిన మనిషి ఇంటికి వెళ్ళాక తను వినడానికి ఎవరి గొంతు ఉంది?

దీనికి సమాధానంలాంటి దృశ్యం కూడా సినిమాలోనే ఉంది. మహాలియా జాక్సన్‌కి ఆరోజు ఒంట్లో బాగాలేదు. తనకి సాయంగా పాడమని మేవిస్ స్టేపుల్స్‌ని అడిగింది. మేవిస్‌కి అప్పుడే ముప్పై నిండాయి. చిన్నప్పటినుంచి మహాలియా పాటలు విని పెరిగిన మనిషి. మార్టిన్ లూథర్ కింగ్‌కి ప్రాణమైన భక్తిగీతాన్ని ఆమె ఎత్తుకుంటుంది. మహాలియా వింటుంది. తరువాత మైకు అందుకుంటుంది. మేవిస్ వింటుంది. గొంతు చించుకుని పాడుతున్నంత మాత్రాన అది పోటీ కాదు. ఒకరు అలసినచోట మరొకరు అందుకోవడం, ఒకరు పాడుతుంటే మరొకరు పూర్తిగా వినడం. ఇద్దరు స్త్రీలు ఒకరికొకరు శ్రోతలుగా ఉన్న అలాంటి దృశ్యాలు మన కచేరీ సంప్రదాయంలో నాకు చాలా తక్కువగా కనిపించాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎడిసన్ నుంచి పులిహోర డబ్బాతో వచ్చిన నేను, హార్లెం స్త్రీల చరిత్రని నా చరిత్రగా చెప్పుకోలేను. నేను ఆ పార్కుకి అతిథిని. నా కులం, నా చదువు, నా సహచరుడి జీతం నాకిచ్చిన వెసులుబాట్లు ఆ పెద్దావిడకి వయసులో ఉన్నప్పుడు ఉండి ఉండవు. ఇంటిపని అనే మాట ఆమె విషయంలో తన ఇంటితో ఆగక, ఇతరుల ఇళ్ళ దాకా వెళ్ళిందేమో కూడా నేనడగలేదు. ఆమె కళ్ళు మూసుకుని విన్నదాన్ని నేను నేర్చుకోగలను, సొంతం చేసుకోలేను.

నేర్చుకోవలసింది ముందు నా పరిశోధన నుంచే. నా సిద్ధాంత గ్రంథం తెలుగు స్త్రీల పాటల మీద. దంపుడు పాటలు, తిరగటి పాటలు, లాలిపాటలు, అప్పగింతల పాటలు. ఎవరు పాడారు, ఏ కులం స్త్రీలు ఏ పాట పాడారు, ఎవరు సేకరించారు, సేకరించినవాళ్ళు ఏం మార్చారు అని నాలుగు వందల పేజీలు రాశాను. ఎవరు విన్నారు అన్న అధ్యాయం లేదు. ఆ పాటల్లో పాడేవాళ్ళూ వినేవాళ్ళూ ఒకరే అనుకున్నాను. అది నిజమే. రోకలి వేస్తూ పాడతారు, రోకలి వేస్తూ వింటారు. అక్కడ పాట పనికి తోడుగా వస్తుంది. పని ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాట కోసమే కూర్చునే తీరిక ఆ స్త్రీలకి లేదు కాబట్టి వాళ్ళ పాట అలా పుట్టింది. ఆ లేమిని నేను సంప్రదాయ సౌందర్యం అని మెచ్చుకుంటూ రాశాను. మెచ్చుకోవలసింది ఆ స్త్రీల నేర్పుని. ఆ లేమిని కాదు.

ఇంటికి వచ్చిన మర్నాడు అమ్మకి ఫోన్ చేశాను. తెనాలిలో మా వీధి చివర రామాలయం. నవమికి తొమ్మిది రోజులూ తాటాకు పందిరి, హరికథలు, ఆఖరి రోజున పాటకచేరి. ఏప్రిల్ ఎండ. మైకు మా ఇంటి ముందు కరెంటు స్తంభానికి కట్టేవాళ్ళు. పానకం, వడపప్పు ఎక్కువభాగం మా ఇంటినుంచే వెళ్ళేవి. పాటలన్నీ అమ్మకి నోటికి వచ్చు. ఏ కచేరీలో ఎవరు ఎక్కడ తప్పారో కూడా చెప్పగలదు. అమ్మకి సంగీతమంటే ప్రాణమని చిన్నప్పుడు మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

"అమ్మా, ఎప్పుడైనా పందిట్లో కూర్చుని ఒక కచేరీ పూర్తిగా విన్నావా?" అని అడిగాను.

కొంచెంసేపు ఆలోచించింది. "మంగళానికి వెళ్ళేదాన్నిగా. హారతి పళ్ళెం నేనే తీసుకెళ్ళాలి" అంది.

ఆ గాయకుల ముఖాలు ఆమె చూసింది ఆ చివరి అయిదు నిమిషాలే. మిగతాదంతా పొయ్యి దగ్గర, స్తంభానికి కట్టిన మైకులోంచి వచ్చింది. నాకు నా పాట రైల్లో సహచరుడి నోటివెంట వచ్చింది. అమ్మకీ నాకూ మధ్య ఒక డాక్టరేటు, ఒక సముద్రం ఉన్నాయి. పాట మాత్రం ఇద్దరికీ ఇంకొకరి ద్వారానే అందింది.

ఈ సంగతి అతనికి చెప్పాను. మొదట నొచ్చుకున్నాడు. "నేను వద్దన్నానా?" అన్నాడు. వద్దనలేదు. అదే నేను చెబుతున్నది. అనుమతి ఉండడం, వినగలగడం రెండూ వేర్వేరు. "నీకోసం వస్తాను" అనడం ప్రేమే. కానీ నేను వింటున్నప్పుడు తన దాహం సంగతి తను చూసుకోవడం అంతకంటే పెద్ద ప్రేమ. ఆ మాట చెప్పడానికి నాకు ఆరేళ్ళ కాపురం, ఒక సినిమా, ఒక పెద్దావిడ అవసరమయ్యాయి. చాలాసేపు మాట్లాడుకున్నాం. కొంత పోట్లాడుకున్నాం కూడా.

స్త్రీల రచన గురించి మనం రాసినంతగా స్త్రీల పఠనం గురించి రాయలేదు. పాడినవాళ్ళ గురించి రాసినంతగా విన్నవాళ్ళ గురించి రాయలేదు. మన అమ్మమ్మలని ఏం పాడేవారని అడిగి రికార్డు చేసుకున్నాం. ఏం వినాలనుకున్నారు, ఎక్కడ నిలబడి విన్నారు, సగంలో ఎందుకు లేచి వెళ్ళవలసి వచ్చింది అని కూడా అడగాలి. అడగవలసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. నేను మా అమ్మతో మొదలుపెట్టాను. వచ్చే నవమికి హారతి పళ్ళెం ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. "ఎవరికిస్తాం?" అంది. నాన్నకి ఇవ్వమన్నాను. అమ్మ నవ్వింది. కుదరదని మాత్రం అనలేదు.